మన చెల్కలో రిగ్గు దిగితే బంగారం పడ్డట్టేనా?

నమస్తే అందరికీ. గద్వాల పక్క నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు, ముందు అది చెప్తాను. వాళ్ల చెల్క పక్కన డ్రిల్లింగ్ రిగ్గు దిగిందట, పెట్టెల నిండా రాయి సర్దుకుని తీసుకుపోతున్నారట. ఊర్లో అప్పుడే ‘బంగారం పడింది’ అని మాట పుట్టింది, ఇంతలో ఎవరో దళారి వచ్చి ఎకరానికి ఎప్పుడూ వినని రేటు చెప్పి, అడ్వాన్స్ ఇప్పుడే చేతిలో పెడతా, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టండి అంటున్నాడట. ‘అన్నా, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది, అమ్మాలా వద్దా’ అని అడిగాడు. తమ్ముడూ, ఇప్పుడే సంతకం పెట్టొద్దు. రిగ్గు వచ్చింది కింద ఉందో లేదో చూడటానికి. ఆ సంగతి తేలడానికి ఏళ్లు పడుతుంది, అన్వేషణ మొదలుపెట్టిన చోట్లలో చాలావాటిలో గని దాకా పోయేదే ఉండదు. ఎందుకో వివరంగా చెప్తాను, ఓపిగ్గా వినండి.

ముందు మన నేల సంగతి. పాలమూరు, నల్లగొండ అంటే ఎటు చూసినా గ్రానైట్ గుట్టలు, గుండ్లు. ఆ గ్రానైట్ మధ్యలో అక్కడక్కడా సన్నగా, పొడుగ్గా నల్లటి, ఆకుపచ్చ ఛాయ ఉన్న రాళ్లు పోతుంటాయి, అవి దాదాపు 250 కోట్ల ఏళ్లో అంతకు పైనో అయిన పాత లావా రాళ్లు. వీటినే గ్రీన్‌స్టోన్ బెల్ట్ అంటారు, శిస్ట్ బెల్ట్ అని కూడా అంటారు. కృష్ణ, తుంగభద్ర రెండింటినీ దాటి కర్నూలు వైపు పోయేది గద్వాల బెల్ట్, సాగర్ దగ్గర పెద్దవూర పేరుతో ఇంకొకటి ఉంది. రాయచూరు దాటాక వచ్చే హట్టి, తుంగభద్ర అవతల జొన్నగిరి, అనంతపురం వైపు రామగిరి, ఆ కింద కోలార్, ఈ బంగారం చోట్లన్నీ ఇలాంటి బెల్ట్‌లలోనివే. హట్టి అయితే ఒకప్పుడు మన హైదరాబాద్ రాజ్యంలోదే, 1956లో రాష్ట్రాలు మారినప్పుడు ఇప్పటి కర్ణాటక వైపు పోయింది. కాబట్టి కృష్ణ, తుంగభద్రల మధ్య ఉన్న మన నడిగడ్డలో బంగారం కోసం వెతకడం వింతేమీ కాదు, వెతకాల్సిన చోటే వెతుకుతున్నారు.

ఈ పాత రాళ్లు భూమి ఒత్తిడికి నలిగి చీలిన చోట, లోతు నుంచి వేడి నీళ్లు పైకి ఎక్కి, ఆ చీలికల్లో పలుగురాయి గడ్డకట్టింది, దాంతోపాటు కొన్నిచోట్ల కొద్దిగా బంగారం కూడా. కొన్నిచోట్ల మాత్రమే. మన చేలల్లో పలుగురాయి ఎంత కనిపిస్తుందో మీకు తెలుసు, అందులో చాలావరకు ఉత్త రాయే.

అన్వేషణ రిగ్గుతో మొదలు కాదు. మన దేశంలో దీన్ని జీ4, జీ3, జీ2, జీ1 అని నాలుగు దశలుగా లెక్కేస్తారు, జీ4 మొదటిది, జీ1 చివరిది. మొదట వాగుల్లో మట్టి, చేలల్లో మట్టి, రాయి ముక్కలు ఏరి ల్యాబ్‌కు పంపుతారు, మ్యాప్ గీస్తారు, కందకాలు తవ్వి రాయిని అడ్డంగా చెక్కి నమూనా తీస్తారు. జాడ కనిపిస్తేనే రిగ్గు. అప్పుడు కూడా మొదట దూరం దూరంగా కొన్ని హోల్స్ మాత్రమే వేస్తారు, ఫలితం బాగుంటేనే దగ్గర దగ్గరగా వేస్తారు. మీ ఊర్లో రిగ్గు చూసినప్పుడు మొదట అడగాల్సింది ఇదే: సార్, ఇది ఏ దశ?

ఇప్పుడు డ్రిల్లింగ్. నల్లగొండ, పాలమూరు రైతుకు బోరు బండి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, ఎన్ని బోర్లు వేసి, ఎన్ని ఎండిపోయి, ఎంత అప్పైందో మనకు తెలుసు. ఇది ఆ పని కాదు. బోరు బండి రాయిని పొడి చేసి గాలితో బయటికి ఊదుతుంది. కోర్ డ్రిల్లింగ్‌లో బిట్టు నడుమ ఖాళీ ఉంటుంది, అంచున చిన్న చిన్న పారిశ్రామిక వజ్రాలు ఉంటాయి, అది రాయిని చుట్టూ కోసుకుంటూ దిగుతుంటే మధ్యలో కర్రలాంటి రాయి నిలుస్తుంది, దాన్ని ముక్కలు ముక్కలుగా పైకి తీస్తారు. దాన్నే కోర్ అంటారు. ఎక్కువగా వాడే ఎన్‌క్యూ సైజులో ఆ రాయి మందం 47.6 మిల్లీమీటర్లు. హోల్ కూడా నిట్టనిలువుగా వేయరు, పలుగురాయి తీగ ఏ పక్కకు వాలి ఉందో చూసి దానికి అడ్డంగా తగిలేలా రిగ్గును ఏటవాలుగా పెడతారు. ఆ కోర్‌ను పెట్టెల్లో వరుసగా పేర్చి, ఏ లోతుదో రాసి, జియాలజిస్ట్ ఒక్కో అడుగు చూసి రాసుకుంటాడు. ఎండలో నిలబడి పొద్దంతా చేసే పని అది, ఆ పిల్లలంటే నాకు చాలా గౌరవం.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, మొత్తం వీడియోలో ఇది ఒక్కటి గుర్తుంటే చాలు. మంచి ముడిరాయి అంటే టన్నుకు రెండు గ్రాములు అనుకుందాం. ఒక మీటరు ఎన్‌క్యూ కోర్ బరువు దాదాపు ఐదు కిలోలు. అంటే ఆ మీటరు రాయి మొత్తంలో ఉండే బంగారం పది మిల్లీగ్రాములు, గ్రాములో నూరో వంతు. అది కూడా ఒక్కచోట ఉండదు, కంటికి కనిపించని పొడిలా రాయంతా చెదిరి ఉంటుంది. కాబట్టి ‘పెట్టెలో మెరుస్తోంది, నేను చూశా’ అని ఎవరన్నా అంటే, అది దాదాపు ఎప్పుడూ పైరైటే, ఇనుము గంధకం కలిసిన ఖనిజం. సుత్తితో కొడితే బంగారం సాగుతుంది, పైరైట్ పొడి అవుతుంది.

మరి ఎలా తెలుస్తుంది? కోర్‌ను నిలువునా సగానికి కోసి, సగం పెట్టెలోనే ఉంచి, సగం ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ పిండిలా దంచి, 30 లేదా 50 గ్రాములు తీసి, సీసపు ఆక్సైడ్‌తో కలిపి కొలిమిలో కరిగిస్తారు. కరిగిన సీసం బంగారాన్ని, వెండిని పట్టుకుని అడుగుకు దిగుతుంది, తర్వాత సీసాన్ని వేడితో తీసేస్తే చిన్న గింజ మిగులుతుంది, దాన్ని యాసిడ్‌లో కరిగించి కొలుస్తారు. ఫైర్ అస్సే అంటారు దీన్ని. నమూనాల మధ్యలో బంగారం లేని రాయి కొన్ని, ముందే విలువ తెలిసిన పొడి కొన్ని చెప్పకుండా కలిపి పంపుతారు, ల్యాబ్ సరిగ్గా చెప్తోందా లేదా తెలుసుకోవడానికి. ఈ తనిఖీ లేని ఫలితాన్ని నేనైతే నమ్మను.

సరే, ఫలితం వచ్చింది, పేపర్లో ‘20 మీటర్ల మందాన టన్నుకు మూడు గ్రాములు’ అని వచ్చింది అనుకోండి. ఊరంతా పండగ. ఆగండి. 20 మీటర్లు ఇంటూ మూడు, అరవై. అందులో ఒకే ఒక్క మీటరులో టన్నుకు 50 గ్రాములు ఉంటే, మిగతా 19 మీటర్లకు మిగిలింది పది, అంటే మీటరు మీటరుకు సగటున అర గ్రాము దగ్గర. ఆ ఒక్క మీటరు తీసేస్తే ఆ హోల్ అంతా పేలవం. బంగారంలో ఇది తరచుగా జరుగుతుంది, ఒక చోట ముద్దగా ఉంటుంది, పక్కనే అడుగు దూరంలో ఏమీ ఉండదు. ఇంకోటి, 20 మీటర్లు అన్నది హోల్ వెంబడి కొలత. హోల్ ఆ తీగను 30 డిగ్రీల కోణంలో తగిలితే అసలు మందం అందులో సగమే, పది మీటర్లు. అందుకే వార్త చదివినప్పుడు అసలు మందం ఎంత, పక్క హోల్స్‌లో ఏం వచ్చింది అని చూడండి. ఒక్క హోల్ గురించి చెప్పి మిగతావాటి గురించి చెప్పకపోతే అనుమానించాల్సిందే.

జొన్నగిరి చూడండి, మనకు దగ్గరి ఉదాహరణ. తుగ్గలి మండలం, వాన పడితే వజ్రాలు వెతకడానికి జనం పోయే చోటే. అక్కడ అన్వేషణ దశాబ్దాల కింద మొదలైంది, మైనింగ్ లీజు వచ్చింది 2013లో, ఆ తర్వాత కూడా పూర్తి స్థాయి ప్లాంటు నిలబడటానికి పదేళ్ల పైనే పట్టింది. అంతా కలిసొచ్చిన చోటే ఇంత కాలం. కోలార్ అయితే మూడు కిలోమీటర్ల లోతు దాటిన గని, ఖర్చు భరించలేక 2001లో మూసేశారు, రాయిలో ఇంకా బంగారం ఉండగానే. దేశంలో ఏళ్ల తరబడి బంగారం తీస్తున్న పెద్ద గని హట్టి ఇచ్చేది ఏడాదికి ఒకటిన్నర టన్ను అటూ ఇటూ, మనం దిగుమతి చేసుకునేది ఏడెనిమిది వందల టన్నుల దాకా. ఆ తేడా తెలిసిన ప్రభుత్వం వెతకమనే అంటుంది, అది న్యాయమే.

భయం సంగతి కూడా మాట్లాడాలి. అమ్రాబాద్‌లో యురేనియం కోసం బోర్లు వేస్తారంటే 2019లో నల్లమల అంతా లేచింది, అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. ఆ జ్ఞాపకంతో ఇప్పుడు ఏ రిగ్గు చూసినా జనం కంగారు పడుతున్నారు, నేను తప్పు పట్టను. కానీ రాయి నుంచి బంగారాన్ని వేరుచేసే విషం సైనైడ్ ఉంది కదా, బంగారం డ్రిల్లింగ్‌లో దాన్ని వాడరు. నీళ్లు, బెంటొనైట్ మట్టి, కొన్ని పాలిమర్లు వాడతారు. సైనైడ్ వచ్చేది గని పెట్టి ప్లాంటు నడిపేటప్పుడు, అప్పుడు దాని గురించి, వ్యర్థాల చెరువు గురించి గట్టిగా కొట్లాడాల్సిందే, ప్రజాభిప్రాయ సేకరణకు పోయి అడగాల్సిందే. ఇప్పుడు పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి: వాళ్లు నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారు, బురద నీళ్లు మీ చేలోకి పోతున్నాయా, విత్తన పత్తి క్రాసింగ్ టైంలో చేను తొక్కితే నష్టం ఎవరిస్తారు.

తమ్ముడూ, మళ్లీ నీ భూమి దగ్గరికి వద్దాం. వచ్చిన వాళ్లు ఎవరో ముందు తెలుసుకో, ప్రభుత్వ జియలాజికల్ సర్వేనా, ప్రైవేటు కంపెనీనా, చేతిలో ఏ ఉత్తర్వు ఉంది, ఎమ్మార్వో ఆఫీసులో సమాచారం ఉందా. లైసెన్సు మీద, లీజు మీద పనిచేసేవాళ్లు భూమి మీద హక్కు ఉన్నవారికి పరిహారం ఇవ్వాలని గనుల చట్టం 24ఏ సెక్షన్‌లో ఉంది, నోటిమాటగా కాకుండా రాతలో తీసుకో. 2023 సవరణతో వచ్చిన కొత్త అన్వేషణ లైసెన్సులో బంగారం కూడా ఉంది, ఆ పద్ధతిలో వెతికేవాళ్లు ఒకరు, తర్వాత వేలంలో గని దక్కించుకునేవాళ్లు ఇంకొకరు కావచ్చు. అంటే ‘కంపెనీ తరఫున కొంటున్నా’ అనే దళారికి ఆ గని ఎవరి చేతికి పోతుందో కూడా తెలియదు. గని రాకపోతే అడ్వాన్స్ ఇచ్చి మిగతా డబ్బు ఎగ్గొట్టి నీ భూమిని అగ్రిమెంట్‌లో ఇరికించి పెడతాడు, వస్తే లాభం అంతా వాడిదే. రెండు వైపులా నష్టం నీకే కదా.

చివరిగా ఒక పని మాత్రం తప్పకుండా చేయించుకో. రిగ్గు లేచి పోయేముందు ఆ హోల్‌ను సిమెంటుతో మూయించు, బురద గుంత పూడ్పించు, మీ ఎదురుగానే. తెరిచి వదిలేస్తే పైనీళ్లు, కింది నీళ్లు కలిసిపోతాయి, పిల్లలు, గొర్రెపిల్లలు తిరిగే చోట అది ప్రమాదం కూడా. మూసినట్టు ఫోన్‌లో ఫోటో తీసి, తేదీ రాసి, హోల్ నంబర్‌తో సహా దాచుకో.