కాల్మోంట్ చుట్టుబాట రివ్యూ: నిలువు ద్రాక్షతోటలో 3 కిలోమీటర్లు

నమస్తే అండీ. ఇవాళ్టి రివ్యూ జర్మనీలో మోజెల్ నది ఒడ్డున ఉన్న కాల్మోంట్ కొండది. ఎడిగర్-ఎల్లర్ స్టేషన్ దగ్గర బయల్దేరి, ద్రాక్షతోటల నడుమ నుంచి బ్రెమ్ ఊరు చేరి, కొండ నెత్తి మీదుగా మళ్లీ అదే స్టేషన్‌కి వచ్చే చుట్టు. మొత్తం 7-8 కిలోమీటర్లు. ఈ అంకె చూసి రెండు గంటల పనే కదా అనుకుంటారు, లెక్క అక్కడే తప్పుతుంది. తోటల్లో ఉన్న 3 కిలోమీటర్ల ముక్కే రెండు మూడు గంటలు తినేస్తుంది. మొత్తానికి 5 గంటలు పెట్టుకోండి.

ఇదిగో, ఈ వాలు చూడండి. నది మట్టం నుంచి కొండకొన దాకా సుమారు 290 మీటర్లు. కొన్నిచోట్ల 65 డిగ్రీల వాలు ఉంటుందని, యూరప్ మొత్తంలో ఇంత నిలువైన ద్రాక్షతోట ఇంకోటి లేదని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇంత చోటు ఉండగా ఈ గోడ మీదే ఎందుకు నాటారు? చలిదేశంలో ద్రాక్ష పండాలంటే ఎండ కావాలి. ఈ వాలు దక్షిణానికి తిరిగి ఉంది, ఎండ నేరుగా తగులుతుంది. నేలంతా పలకరాయి ముక్కలే. పగలు కాగి, రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతాయి. రీస్లింగ్ ఆలస్యంగా పండే రకం, దానికి ఈ వేడే ఆధారం.

మన దగ్గర ద్రాక్షను పందిరికి పాకిస్తాం కదా, ఇక్కడ ఒక్కో మొక్కకు ఒక్కో గుంజ. రెండు కొమ్మల్ని కిందికి వంచి హృదయం ఆకారంలో కడతారు. అందం కోసం కాదండోయ్. అడ్డంగా తీగలు లాగితే వాలు మీద మనిషి ఒక్క దారినే తిరగగలడు, గుంజలైతే ఎటు నుంచి ఎటైనా దాటొచ్చు. ట్రాక్టర్ ఎక్కదు కాబట్టి సరుకు మోయడానికి ఒంటిపట్టా మీద పళ్లచక్రంతో పాకే చిన్న బండి, దాన్ని మోనోరాక్ అంటారు. దారిలో ఆ పట్టా కనిపిస్తే చేత్తో పట్టుకోకండి, దానిమీద కూర్చోకండి. ఇంత చాకిరీ చేయలేకే చాలామంది తోటలు వదిలేశారు, పొదలు కమ్మేశాయి. ఇప్పుడు మనం నడిచే ఈ క్లెట్టర్‌స్టైగ్ బాట 2001లో తెరిచారు.

పేరుకి క్లెట్టర్‌స్టైగ్, అంటే ఎక్కుడుబాట. కానీ తాళ్లు, నడుముపట్టీలు అక్కర్లేదు. అడుగు వెడల్పు కాలిబాట, రాతికి దిగ్గొట్టిన ఇనుప మెట్లు, నాలుగైదు మెట్ల నిచ్చెనలు, లోపలి వైపు పట్టుకోవడానికి ఉక్కు తాడు. అంతే. భయపడాల్సింది బాట కాదు, చెప్పులు. నున్నటి అడుగున్న స్పోర్ట్స్ షూ పలకరాయి మీద జారుతుంది. గట్టి గాడులున్న బూట్లే వేసుకోండి. వేసవిలో తాడు కాలిపోతుంది, పల్చటి గ్లౌజులు పనికొస్తాయి. ట్రెక్కింగ్ కర్రలు మడిచి బ్యాగులో పెట్టేయండి, ఇక్కడ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బ్యాగు కూడా వీపు దాటి పక్కలకి పొడుచుకు రాకూడదు. ఎదురొచ్చేవాళ్లు ఉంటే వెడల్పున్నచోటే ఆగి దారి ఇవ్వండి. పైన నడిచేవాళ్లు రాళ్లు దొర్లించకుండా అడుగేయాలి, కింద ఇంకెవరో ఉంటారు. ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు, కుక్కని వెంట తెచ్చేవాళ్లు ఈ ముక్క వదిలేయడమే మంచిది.

వాన పడిందా, వెళ్లకండి. తడిసిన పలకరాయి సబ్బులాంటిది. రాళ్లు పడే ప్రమాదం ఉంటే బాట మూసేస్తారు కూడా, కాబట్టి ముందురోజే తెరిచి ఉందో లేదో చూసుకోండి. మూసి ఉంటే ఎల్లర్ నుంచి పైబాటలో కొనకి వెళ్లి అదే దారిన దిగొచ్చు.

జూలై, ఆగస్టుల్లో ఇంకో చిక్కు. తోటల్లో నీడ లేదు, నీళ్లు లేవు. ద్రాక్షని పండించే వేడి మనల్నీ వదలదు. మనిషికి 2 లీటర్ల నీళ్లు, టోపీ, పొద్దున్నే బయల్దేరడం. మా మాట వింటే మే నెల చివర, లేదా సెప్టెంబర్. మే, జూన్‌లలో అదృష్టం ఉంటే ఎర్రచుక్కల తెల్లటి అపోలో సీతాకోకచిలుక కనిపిస్తుంది. ఈ లోయ రాళ్లని నమ్ముకున్న ప్రత్యేక రకం అది. సెప్టెంబర్ దాటితే కోత మొదలవుతుంది, కోసేవాళ్లకి దారి వదలండి. గుత్తి తెంపి రుచి చూడటం ఇక్కడ దొంగతనమే.

ఎల్లర్ నుంచే మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. చేతులతో పట్టుకునే పని ఒంట్లో ఓపిక ఉండగానే అయిపోతుంది. తర్వాత బ్రెమ్ నుంచి కొన దాకా ఏకబిగిన ఎక్కుడు, ఊపిరి తీసుకోనివ్వదు. కానీ శిలువ నాటిన ఆ కొన దగ్గర నిలబడితే నది వంపు మొత్తం ఒక్క చూపులో దొరుకుతుంది. వంపు మధ్యలో, అవతలి ఒడ్డున పైకప్పు లేని గోడలు కనిపిస్తున్నాయి కదా, అది స్టూబెన్ మఠం. 1137లో సన్యాసినుల కోసం స్థాపించారు.

అక్కడి నుంచి ఎల్లర్ వైపు పైబాట. నిజం చెప్పాలంటే ఈ భాగం చప్పగా ఉంటుంది, రోమన్ల కాలపు కొండగుడిని మళ్లీ కట్టిన చోటు తప్ప ఆగాల్సిందేం లేదు. దిగుడులో మాత్రం మోకాళ్లు జాగ్రత్త.

రైలు సంగతి. కోబ్లెన్జ్, ట్రియర్ మధ్య నడిచే ఆర్‌బీ 81 అనే లోకల్ రైలు ఇక్కడ ఆగుతుంది. వేగం రైళ్లు ఆగవు, కోకెమ్‌లోనో బులాయ్‌లోనో మారాలి. లోకల్ రైళ్లన్నిటికీ పనికొచ్చే నెలవారీ పాసు డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుకునే పిల్లలకి ఇది చవక రోజు. తిండికి ఊళ్లో స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అని ఉంటాయి, ద్రాక్ష రైతు తన ఇంట్లోనే ఏడాదిలో 4 నెలల లోపు నడిపే పాక లాంటిది. తలుపు మీద కొమ్మల గుత్తి వేలాడితే తెరిచి ఉన్నట్టు. శాకాహారులు ఫ్లామ్‌కూఖెన్ (పిజ్జా లాంటి పల్చటి రొట్టె) అడిగేటప్పుడు "ఓనె ష్పెక్" అనండి. లేకపోతే పంది మాంసం ముక్కలు వేసి తెస్తారు.