డిస్‌ప్లే రావట్లేదా? సీపీయూ షాపుకి మోసుకెళ్ళే ముందు ఇది చూడండి

నమస్తే అండీ, వైజాగ్ నుంచి. టేబుల్ మీద మూడు వస్తువులున్నాయి. మదర్‌బోర్డు స్పీకరు, ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా) టెస్టరు, మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్లు. రిపేరు ఖర్చు మిగులుస్తాయని ఆన్‌లైన్లో తెగ అమ్ముతున్నారు. ఏది కొనాలి, ఏది వదిలేయాలి, చూద్దాం.

మన కంప్లైంటు అందరికీ తెలిసిందే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైటు వెలుగుతోంది, మానిటర్లో మాత్రం "నో సిగ్నల్". డాబాగార్డెన్స్‌లో కంప్యూటర్ షాపుల దాకా ఆటోలో వేసుకెళ్ళే ముందు కేబుల్ చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే హెచ్‌డీఎంఐ కార్డుకే పెట్టాలి, పైన మదర్‌బోర్డుకి కాదు. నవ్వకండి, ఇల్లు దులిపినప్పుడు తీసిన కేబుళ్ళు చాలా ఇళ్ళల్లో ఇలాగే తప్పుగా ఎక్కుతాయి.

అది బాగుంటే ఇదిగో, ఈ స్పీకరు. బఠాణీ గింజంత ఉంది, రెండు వైర్లు, చివర నాలుగు రంధ్రాల కనెక్టరు. వంద రూపాయల లోపే దొరుకుతుంది. ప్లగ్గు పీకేసి, బోర్డు మీద ఎస్‌పీకే అనో స్పీకర్ అనో రాసున్న నాలుగు పిన్నులకి గుచ్చండి. ర్యాములన్నీ (మెమరీ స్టిక్కులు) తీసేసి, ప్లగ్గు పెట్టి మళ్ళీ ఆన్ చేయండి. వినిపిస్తోందా? ర్యామ్ లేదని అరుస్తోంది. అంటే బోర్డూ ప్రాసెసరూ ప్రాణంతోనే ఉన్నాయి. "బోర్డు పోయిందండీ" అని ఎవరైనా అంటే ఇక తొందరపడి తలూపక్కర్లేదు. అసలు కూతే లేకపోతే తేడా పవర్లోనో, ప్రాసెసర్లోనో, బోర్డులోనో ఉన్నట్టు. కొత్త బోర్డుల్లో సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. అవుంటే స్పీకరు కొనక్కర్లేదు, ఏ లైటు దగ్గర ఆగిపోయిందో చూసుకుంటే చాలు.

కూసింది కదా, ఇప్పుడు ర్యామ్ సంగతి. ఈ క్యాబినెట్ స్క్రూ తల చూడండి, చుట్టూ తుప్పు. పెదవాల్తేరులో బాల్కనీ గ్రిల్లుని తినేసే ఉప్పుగాలినే ఈ ఫ్యాను రోజంతా లోపలికి లాగుతోంది. ర్యామ్ అంచున బంగారు పూత ఉంటుంది, దానికి తుప్పు పట్టదు గానీ తేమా దుమ్మూ కలిసి పైన పొర కడతాయి. ముందు ప్లగ్గు మళ్ళీ పీకేసి, క్యాబినెట్ ఇనుము ఓసారి ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ పోతుంది. పిల్లల మెత్తటి తెల్ల రబ్బరుతో అంచుని నెమ్మదిగా తుడవండి. పెన్ను చెరిపే గరుకు రబ్బరు వద్దు, పూత లేచిపోతుంది. రబ్బరు పొట్టు దులిపేసి, ఒక్క స్టిక్కే పెట్టండి, క్లిప్పు టక్కుమనే దాకా నొక్కి. రాకపోతే వేరే స్లాటు, ఆ తర్వాత వేరే స్టిక్కు. డిస్‌ప్లే రాని సిస్టమ్స్ చాలావరకు ఇక్కడే లేచి కూర్చుంటాయి.

బటన్ సెల్లు సంగతి చిన్నదే. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతూ, ఎఫ్1 నొక్కమంటుంటే సెల్లు మార్చండి. 3 వోల్టులది, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. దీనికి సర్వీస్ చార్జి ఇవ్వడం దండగ.

టెస్టరు మాత్రం నాకు నచ్చలేదు. 24 పిన్నుల కనెక్టరు గుచ్చితే వోల్టేజీ చూపిస్తుంది. 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి, ఉందనే చూపిస్తోంది. కానీ దీని మీద సిస్టమ్ లాగేంత లోడు లేదు కదా! గేమ్ మొదలెట్టగానే ఆగిపోయే సిస్టమ్‌లో ఎస్ఎంపీఎస్ కూడా ఇందులో బంగారంలా కనిపించొచ్చు. ఆ డబ్బుతో మల్టీమీటరు కొనండి, సిస్టమ్ నడుస్తుండగానే వోల్టేజీ చూడొచ్చు, ఇన్వర్టర్ బ్యాటరీకీ పనికొస్తుంది. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా లోపల కెపాసిటర్లలో, అంటే చిన్న డబ్బాల్లాంటి పార్టుల్లో, కరెంటు నిలవుంటుంది.

కాలిన వాసన వచ్చినా, బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి కనిపించినా ఇంట్లో ప్రయోగాలు ఆపేసి షాపుకే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు చేసినవన్నీ చెప్పండి, "ర్యాములు తీస్తే కూస్తోంది, స్లాట్లు మార్చి చూశాను" అని. మార్చిన పాత పార్టు వెనక్కి అడగండి. హార్డ్‌డిస్కు, ఎస్ఎస్‌డీ తీసి ఇంట్లోనే ఉంచుకోండి. డిస్‌ప్లే రాని కంప్లైంటుకి మీ ఫోటోలతో వాళ్ళకి పనేం లేదు.