పాత రివాల్వర్: ఆరు గదులూ వినండి

శ్రోతలకు నమస్కారం. ఇవాళ్టి కబురు, ఆన్‌లైన్‌లో కొన్న పాత రివాల్వర్‌ని చేతికి తీసుకునే ముందు ఎలా పరీక్షించాలన్నది, అమెరికాలో ఉంటున్న మనవాళ్ల కోసం. ఇండియాలో లైసెన్స్ లేకుండా రివాల్వర్ కొనడం, దగ్గర ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. గుంటూరులోనో వరంగల్‌లోనో వింటున్నవాళ్లు సరదాకి వినండి, చాలు.

అమెరికాలో కూడా, ఆన్‌లైన్‌లో కొన్నాం కదా అని కొరియర్ అబ్బాయి గుమ్మంలో పెట్టి పోడు. వేరే రాష్ట్రంలోని వాళ్ల దగ్గర కొంటే అది మన రాష్ట్రంలో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే వస్తుంది. ఫారం నింపి, కొనేవాళ్ల నేపథ్యం తనిఖీ పూర్తయ్యాకే చేతికిస్తారు. ఒకసారి ఇంటికి తీసుకెళ్లాక వాపసు అంటే చాలామంది ఒప్పుకోరు. అంచేత చూసుకోవాల్సిందంతా డీలర్ కౌంటర్ దగ్గరే, తొందరపడకుండా చూసుకోండి.

నాకు ఇష్టమైనది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10. 1899లో పుట్టింది. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్‌లో ఆరు గదులు, పాయింట్ 38 స్పెషల్ తూటా. దశాబ్దాల పాటు అమెరికా పోలీసుల నడుముకు వేలాడింది. 1980ల నుంచి వాళ్లు పిస్టళ్లకు మారిపోతుంటే ఇవి అమ్మకానికొచ్చాయి. ఫోటోలో చూస్తే గొట్టం చివర, సిలిండర్ అంచుల మీద నీలిపూత పోయి ఇనుము బయటపడి ఉంటుంది. చాలాసార్లు అది తోలు ఒర రాపిడే. ఏళ్ల తరబడి మోశారు, కాల్చింది తక్కువ. నాకైతే తళతళలాడే పాతదాన్ని చూస్తేనే అనుమానం. ఈ కంపెనీ నీలిపూత రివాల్వర్లకు వెనక ఉండే సుత్తి, అంటే హ్యామర్, ఇంకా ట్రిగ్గర్ మాత్రం గోధుమ, బూడిద రంగులు కలిసిన మచ్చలతో వస్తాయి. అవి కూడా నిగనిగలాడే నలుపులో ఉన్నాయంటే, ఎవరో మొత్తానికి మళ్లీ పూత వేయించారన్నమాట.

సరే, పూత సంగతి వదిలేద్దాం. అసలు పరీక్ష చెవితో.

ముందు డీలర్‌ని అనుమతి అడగండి. సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీయో కాదో కళ్లారా చూడండి. మళ్లీ చూడండి. గొట్టం మనుషుల వైపు తిప్పొద్దు. మూసేటప్పుడు చేత్తో నెమ్మదిగా మూయండి. సినిమాల్లోలా మణికట్టుతో విసిరి మూస్తే సిలిండర్‌ని పట్టి ఉంచే చెయ్యి వంగిపోతుంది. ఆ పని చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది!

ఇప్పుడు ఎడమచేతి వేలు సిలిండర్‌కి తేలిగ్గా ఆనించి, హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగండి. నెమ్మదిగా. ఇంకా నెమ్మదిగా. సిలిండర్ తిరుగుతుంది, చిన్న గడియ గాడిలో పడుతుంది, టిక్. ఆ తర్వాత హ్యామర్ వెనక్కి వెళ్లి ఆగుతుంది, టక్. ముందు టిక్, తర్వాత టక్. ఆ వరసలోనే రావాలి. హ్యామర్ ఆగిపోయినా సిలిండర్ ఇంకా బిగుసుకోకుండా, వేలితో కొంచెం తోస్తే అప్పుడు టిక్‌మందా? టైమింగ్, అంటే గది గొట్టానికి సూటిగా వచ్చి నిలిచే సమయం, పోయిందన్నమాట. అలాంటి గదిలోంచి తూటా గొట్టంలోకి సూటిగా పోదు. అంచుకు ఒరుసుకుంటుంది, చెక్కుకుపోయిన సీసం ముక్కలు పక్కకు ఎగురుతాయి. పక్కన నిలబడ్డవాడికి తగలొచ్చు.

హ్యామర్‌ని వదిలేసి కొట్టనివ్వకండి. బొటనవేలితో పట్టుకునే మెల్లగా దించాలి. అలవాటు లేకపోతే డీలర్‌నే చేయమనండి, మీరు చెవి పెట్టండి. షాపులో టీవీ మోగుతుంటే తగ్గించమని అడగడానికి మొహమాటమెందుకు?

ఒక గది బాగుంటే సరిపోదు. ఆరూ చూడాలి. ఒక్కో గదికి ఒక్కో గాడి, ఒక్కోటి ఒక్కోలా అరుగుతుంది. అయిదు చక్కగా పలికి ఆరోది ఆలస్యం చేసే రివాల్వర్లు బోలెడు. అయిదో గదికే సంతోషపడి ఆపేయకండి.

ఆరోది ఆలస్యమైతే ఆ రివాల్వర్ తీసుకోకండి. అమ్మినాయనకి అక్కణ్నుంచే ఫోన్ చేసి, ఏ గదిలో తేడా వచ్చిందో చెప్పండి. వెనక్కి పంపాలా, గన్‌స్మిత్ బాగుచేసే ఖర్చు ధరలో తగ్గించుకోవాలా అన్నది అప్పుడే తేల్చుకోండి.