మూసిన మీటరు, చెడిన మీటరు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు, వాళ్ళ తల్లిదండ్రులకు నమస్కారం. శాలువా కప్పినందుకు కృతజ్ఞతలు.

నన్ను ‘విమానయాన రంగంలో ఉద్యోగావకాశాలు’ మీద మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. కానీ పొద్దున గేటు దగ్గర ఒక కుర్రాడు కలిసి తన లాగ్‌బుక్, అంటే ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం, చూపించాడు. ఇక్కడివాడు కాదు, ఎక్కడ నేర్చుకున్నాడో చెప్పను. అందులో పార్షియల్ ప్యానెల్ కింద ఐదు గంటలు రాసి ఉంది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ సంతకం ఉంది. “బాబూ, నీ హొరైజన్ పోయింది, డైరెక్షనల్ గైరో పోయింది. కుడివైపు తొంభై డిగ్రీలు తిరగాలి. ఎన్ని సెకన్లు పడుతుంది?” అని అడిగాను. నా మొహం చూశాడు. కాసేపటికి, “సార్, ఆ రోజుల్లో మేం ఏరోడ్రోమ్ చుట్టూ రెండు రౌండ్లు వేసి దిగిపోయేవాళ్ళం. బుక్కులో ఆయనే రాసేవారు” అన్నాడు.

ముప్పై సెకన్లు. సెకనుకి మూడు డిగ్రీలు, పూర్తి చక్రం తిరగడానికి రెండు నిమిషాలు. ఇది తెలియకపోవడం వాడి తప్పు కాదు. వాడి చేత డబ్బు కట్టించుకుని, ఎగరకుండానే పెన్నుతో గంటలు రాసినవాళ్ళ తప్పు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆ నాలుగు పేజీలు జేబులోనే ఉంచుతున్నాను, అధ్యక్షులవారు క్షమించాలి.

తల్లిదండ్రుల కోసం ముందు రెండు మాటలు. చిన్న శిక్షణ విమానంలో పైలట్ ఎదురుగా ఆరు గుండ్రటి మీటర్లుంటాయి. వేగం చూపేది, ఎత్తు చూపేది, ఎక్కుతున్నామా దిగుతున్నామా చూపేది. ఈ మూడూ బయటి గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. ముక్కు పైకుందా కిందికుందా, రెక్కలు ఎటు వాలాయో చూపేది హొరైజన్. ఏ దిక్కుకి పోతున్నామో చూపేది డైరెక్షనల్ గైరో. ఈ రెండింటిలోనూ ఒక చక్రం గిర్రున తిరుగుతుంటుంది. చాలా పాత విమానాల్లో దాన్ని తిప్పేది ఇంజనుకి తగిలించిన వాక్యూమ్ పంపు, అంటే గాలిని లాగే పంపు. ఆరోది టర్న్ కోఆర్డినేటర్, ఎటు, ఎంత త్వరగా తిరుగుతున్నామో చూపేది. అది మాత్రం కరెంటుతో నడుస్తుంది. ఎందుకంటే పంపు పోయినా అదొక్కటైనా బతికుండాలని. పార్షియల్ ప్యానెల్ అంటే కొన్ని మీటర్లు పోయాయనుకుని, మిగిలిన వాటితోనే విమానాన్ని నిలబెట్టే సాధన.

మీటర్లు పోతే ఏం, మన ఒంటికి తెలియదా అని అడుగుతారు. తెలియదు. ఆ తిరిగే కుర్చీ ఇటు తీసుకురా బాబూ. నువ్వు రామ్మా, కూర్చో. కళ్ళు గట్టిగా మూసుకో. కుర్చీ ఎటు తిరుగుతోందనిపిస్తే బొటనవేలు అటు చూపించు. సభలో ఎవరూ మాట్లాడకండి, చప్పుడు వింటే దిక్కు తెలిసిపోతుంది. తిప్పుతున్నాను. చూడండి, బొటనవేలు కుడికి ఉంది, సరిగ్గానే చెప్పింది. ఒకే వేగంతో తిప్పుతూనే ఉన్నాను. ఇప్పుడు వేలు మెల్లగా నిటారుగా వచ్చింది చూశారా? ఆగిపోయానని అనుకుంటోంది. ఇంకా తిరుగుతూనే ఉంది! ఇప్పుడు ఆపుతున్నాను. వేలు ఎడమకి పోయింది. ఆగిన మనిషి ఎడమవైపు తిరుగుతున్నానని ఒట్టేసి చెబుతుంది. కళ్ళు తెరువమ్మా, కాసేపు అలాగే కూర్చో, వెంటనే లేవకు.

ఇక్కడున్న అమ్మలందరూ చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. ఆట ఆపాక నేల తిరిగేది కదా? చెవి లోపల మూడు అర్ధవలయాల్లాంటి గొట్టాలున్నాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తిరగడం మొదలైతే చెబుతాయి, ఆగితే చెబుతాయి. తిరుగుతూ ఉంటే మాత్రం కాసేపటికి చెప్పడం మానేస్తాయి. ఇంటి వాకిట్లో అయితే నవ్వుకుని కూర్చుంటాం. మేఘంలో కూర్చోవడానికి వాకిలి లేదు.

1954లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇరవై మందిని పరీక్షించారు. మీటర్లు చూసి నడపడం రానివాళ్ళు. బయట ఏమీ కనబడకుండా చేసి నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లు. మూడు నిమిషాలకి రెండు సెకన్లు తక్కువ. అదే మనుషులకి కొన్ని గంటలు పద్ధతి నేర్పితే దాదాపు అందరూ బయటపడ్డారు. ఆ పద్ధతి నేర్పే గంటలనే ఇవాళ కొందరు పెన్నుతో రాసేస్తున్నారు. అదీ నా బాధ.

మా ఇన్‌స్ట్రక్టర్ గురించి చెప్పాలి. 1986లో నేను నేర్చుకునేటప్పుడు ఆయన చొక్కా జేబులో రెండు గుండ్రటి అట్టముక్కలుండేవి. వాళ్ళమ్మాయి పెళ్ళికి మిగిలిన శుభలేఖలు కత్తిరించి చేసినవి. అంచున పసుపు మరక ఉండేది. ‘సుముహూర్తమునకు’ అన్న మాట సగంలో తెగిపోయి ఉండేది. నా తల మీద హుడ్ పెట్టించి, బయట ఏమీ కనబడటం లేదని నిర్ధారించుకుని, ఆ ముక్కల్ని ప్లాస్టర్‌తో హొరైజన్ మీద, గైరో మీద అతికించేవారు. “ఇప్పుడు ఉత్తరానికి పోనియ్యవయ్యా” అనేవారు.

గైరో మూసేశాక మిగిలిన అయస్కాంత దిక్సూచి చూసి తిరగబోతే అది అబద్ధమాడుతుంది. మన అర్ధగోళంలో ఉత్తరం వైపు తిరిగేటప్పుడు వెనకబడుతుంది, దక్షిణం వైపు తిరిగేటప్పుడు ముందుకు దూకుతుంది. అందుకే వాచీ చూసి తిరగాలి. టర్న్ కోఆర్డినేటర్‌లో బొమ్మ విమానం రెక్కని గీత మీద పెట్టి, సెకన్లు లెక్కపెట్టి, రెక్కలు సమానం చేసి, దిక్సూచి కుదుటపడ్డాక చూడాలి. మొదటి వారం నా చొక్కా తడిసిపోయేది. ఎత్తు పట్టుకుంటే దిక్కు పోయేది, దిక్కు చూసుకుంటే వేగం పోయేది. ఆయన గట్టిగా అరిచేవారు కాదు. “చూపు ఒక్కదాని మీద పాతెయ్యకు, తిప్పుతూ ఉండు” అని మాత్రం అనేవారు.

తరువాత నన్ను కళ్ళు మూసుకోమని, విమానాన్ని అడ్డదిడ్డంగా తిప్పి, ఎక్కడికో వాల్చి, “ఇక నీదే” అనేవారు. కళ్ళు తెరిస్తే వేగం పెరిగిపోతుంటుంది, ఎత్తు తగ్గిపోతుంటుంది. అప్పుడు చెయ్యి వెనక్కి లాగమంటుంది. పిల్లలూ, ఇది వినండి. లాగకూడదు. ముందు పవర్ తగ్గించాలి, తర్వాత రెక్కలు సమానం చెయ్యాలి, అప్పుడు మెల్లగా లాగాలి. రెక్క వాలి ఉండగా లాగితే స్పైరల్, అంటే గుండ్రంగా తిరుగుతూ కిందికి జారడం, ఇంకా బిగుస్తుంది. వేగం ముల్లు పెరగడం ఆగిందంటే ముక్కు సమానంగా వస్తోందని గుర్తు. హొరైజన్ లేకుండా హొరైజన్ చూడటం అంటే అదే. మరోసారి చెబుతాను. పవర్, రెక్కలు, ముక్కు. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా అనండి. పవర్, రెక్కలు, ముక్కు.

శిక్షణ చివరి రోజున ఆయన ఆ రెండు ముక్కలూ నాకిచ్చారు. నా లాగ్‌బుక్ అట్టలో దాచుకున్నాను.

1994 సెప్టెంబరు. రాజమండ్రి నుంచి హైదరాబాదుకి సెస్నా 172 అనే చిన్న విమానంలో వస్తున్నాను. వెనక సీట్లో మెకానిక్ ఉన్నాడు. ఖమ్మం దాటాక మేఘంలో ఉన్నాం. అంతా తెల్లగా ఉంది, అద్దం మీద చినుకులు వెనక్కి పాకుతున్నాయి. హొరైజన్ కొంచెం ఎడమకి వాలినట్టు చూపింది. కుడికి సరిచేశాను. మళ్ళీ వాలింది, మళ్ళీ సరిచేశాను. ఒంటికి అంతా బాగానే ఉంది. తర్వాత ఇంజను చప్పుడు మారింది. వేగం నూటఅయిదు నాట్ల నుంచి నూటఇరవైకి పోయింది. దిక్సూచి తిరుగుతోంది! హొరైజన్ రెక్కలు సమానమంటోంది, టర్న్ కోఆర్డినేటర్ కుడికి పూర్తిగా ఒరిగి ఉంది. పంపు ఒత్తిడి చూపే చిన్న మీటరు మూలన ఉంటుంది, ఎవరూ చూడరు. చూశాను. సున్నా.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. పవర్, రెక్కలు, ముక్కు. చేశాను. కానీ చేశాక కూడా నా కళ్ళు ఆ హొరైజన్ దగ్గరికే పోతున్నాయి. అది ప్యానెల్ మధ్యలో ఉంటుంది, పెద్దగా ఉంటుంది, ఎనిమిదేళ్ళుగా దాన్నే నమ్మాను. అది వాలితే నా చెయ్యి దాని వెంటే వాలుతోంది. అప్పుడు లాగ్‌బుక్ తియ్యమని మెకానిక్‌తో చెప్పాను. అతను శుభలేఖ ముక్క అందించాడు. ఎడమచేత్తో విమానం పట్టుకుని, కుడిచేత్తో దాన్ని హొరైజన్ అద్దం మీద అదిమి, అతన్ని ముందుకి వంగి పట్టుకోమన్నాను. ఆ పసుపు అంచు కనబడగానే నా చెయ్యి నిలబడింది. నిమిషానికి ఐదువందల అడుగుల చొప్పున నేరుగా దిగుతూ వచ్చాం. మూడు వేల అడుగుల దగ్గర మేఘం విడిపోయింది. కింద నల్లగొండ వైపు చెరువులు నిండుగా కనబడ్డాయి.

తర్వాత పంపు విప్పితే లోపలి కార్బన్ రెక్కలు ముక్కలై ఉన్నాయి. వేలు పెడితే నల్లటి పొడి అంటింది.

నేను ఈ ఊరికి వచ్చింది ఈ ఒక్కమాట చెప్పడానికే అనుకోండి. శిక్షణలో మనం మీటరు మూస్తాం. మూసిన మీటరు తాను పోయానని చెప్పేస్తుంది. నిజంగా చెడిన మీటరు అలా చెప్పదు. పంపు ఆగినా గైరో చక్రం కొన్ని నిమిషాల పాటు తిరుగుతూనే ఉంటుంది, నెమ్మదిగా నీరసిస్తూ, నెమ్మదిగా వాలుతూ, నిజం చెబుతున్నట్టే చెబుతుంది. మిగిలిన వాటితో నడపడం సగం విద్య. అబద్ధం చెబుతున్నది ఏదో కనిపెట్టడం తక్కిన సగం, కష్టమైన సగం. దాన్ని మనం నేర్పడం లేదు. నేర్పిన సగం కూడా కొన్నిచోట్ల కాగితం మీదే జరుగుతోంది.

ఇది చిన్న విమానాల గొడవ అనుకోకండి. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్‌కి ఎయిరిండియా బోయింగ్ 747 లేచింది. పేరు ‘ఎంపరర్ అశోక’. కిందంతా నల్లటి సముద్రం, ఆకాశం నీళ్ళు కలిసే గీత కనబడే అవకాశం లేదు. కుడికి తిరిగి, మళ్ళీ రెక్కలు సమానానికి వచ్చింది. కెప్టెన్ ముందున్న హొరైజన్ మాత్రం కుడికి వాలినట్టే చూపిస్తూ ఉండిపోయింది. ఆయన ఎడమకి తిప్పారు. ఇంకా తిప్పారు. కోపైలట్ ముందు ఇంకో హొరైజన్ ఉంది, మధ్యలో మూడోది ఉంది. కెప్టెన్ ముందున్నది చూడొద్దని ఫ్లయిట్ ఇంజనీరు చెప్పేసరికి చేతిలో ఉన్నవి కొన్ని సెకన్లు. లేచిన 101 సెకన్లకి బాంద్రా తీరానికి దగ్గర్లో సముద్రంలో పడింది. 213 మంది. ఒక్కరూ మిగల్లేదు. ఎంతో అనుభవం ఉన్న కెప్టెన్ ఆయన. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. పైనున్న నా మేఘంలో నేనూ అదే చేశాను, నాకు సమయం దొరికింది, ఆయనకి దొరకలేదు.

మర్నాడు ఆ వార్త మా ఊరి లైబ్రరీలో పేపర్లో చదివాను. ఆ పేపరు చుట్టూ పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు, నేను వాళ్ళ చేతుల కింద నుంచి చదివాను. పైలట్ కావాలని అప్పటికే అనుకుంటున్నాను. మా నాన్నగారు ఆ రోజు అన్నం తినలేదు.

ఇప్పుడు మా విమానంలో స్క్రీన్లే సార్ అంటారు పిల్లలు. 1996లో డొమినికన్ రిపబ్లిక్ దగ్గర పడిన బోయింగ్ 757లోనూ స్క్రీన్లు ఉన్నాయి. వేగం కొలిచే పిటో గొట్టం ఒకటి మూసుకుపోయింది. మట్టిగూడు కట్టే కందిరీగ పనే అయి ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్ళు అనుకున్నారు. 189 మంది పోయారు. అదే ఏడాది పెరూలో విమానం కడిగినవాళ్ళు మీటర్లకి గాలి ఒత్తిడి అందించే రంధ్రాలకి అంటించిన టేపు తియ్యడం మరిచారు, 70 మంది పోయారు. 2009లో ఎయిర్‌ఫ్రాన్స్ 447లో పిటో గొట్టాలకి మంచు పట్టింది. స్పీడు రీడింగులు తప్పుగా ఉన్నది నిమిషం లోపే. 228 మంది. హాంగర్‌లో పిటో కవరు మీద ఎర్రగుడ్డ వేలాడుతుందే, దాన్ని తీసేటప్పుడు ఒక్క క్షణం గొట్టంలోకి చూడండి. నేను ఇవాళ్టికీ చూస్తాను.

తల్లిదండ్రులారా, మీలో పొలం అమ్మి ఫీజు కట్టినవాళ్ళున్నారని నాకు తెలుసు. హాస్టల్ ఎలా ఉంది, ప్లేస్‌మెంట్ ఎంత అని అడుగుతారు. అడగండి. దానితోపాటు సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే ఉండే నకిలీ కాక్‌పిట్‌లో, మా అబ్బాయికి, మా అమ్మాయికి ముందు చెప్పకుండా మీటరు ఎన్నిసార్లు చెడగొట్టారు, కనిపెట్టడానికి ఎన్ని సెకన్లు పట్టింది, ఆ కాగితం చూపించండి అని అడగండి. సిమ్యులేటర్‌లో ఇది ఒక్క బటన్ పని. పెట్రోలు ఖర్చు లేదు, ప్రాణభయం లేదు. చెయ్యకపోవడానికి కారణం చెప్పగలిగినవాళ్ళు నాకు ఇంతవరకు కనబడలేదు. ఇన్‌స్ట్రక్టర్లకి కూడా చేతులెత్తి చెబుతున్నాను, ఎగరని గంటకి సంతకం పెట్టకండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు కూడా ఈ హాల్లో ఉన్నారు, వాళ్ళకీ ఇదే చెబుతున్నాను.

టైమైపోయిందని చీటీ పంపారు. ఉద్యోగావకాశాల పేజీలు ఆఫీసులో ఇచ్చి వెళతాను, జిరాక్సు తీసుకోండి. పొద్దున కలిసిన కుర్రాడు ఇక్కడే ఉన్నాడా? ఉన్నావు. రేపు ఉదయం ఆరున్నరకి సిమ్యులేటర్ గది తెరిపించమని ప్రిన్సిపాల్ గారిని అడిగాను, ఒప్పుకున్నారు. నువ్వు రా, ఇంకెవరికి ఇష్టమైతే వాళ్ళు రండి. స్టాప్‌వాచీ తెచ్చుకోండి. శుభలేఖ ముక్క నేను తెస్తాను. ఎప్పుడు ఏది చెడగొడతానో చెప్పను. మీరు కనిపెట్టాక, దాని మీద ఆ ముక్క మీ చేత్తోనే అతికించాలి.