చిన్న అపార్ట్‌మెంటుకు బేస్‌బోర్డ్ హీటింగ్: ముప్పావు గొట్టమా, అర అంగుళమా?

నమస్కారం. న్యూజెర్సీలోనూ బోస్టన్ చుట్టుపక్కలా పాత ఇళ్లు కొని, పై అంతస్తు అద్దెకిచ్చే తెలుగువాళ్లు ఉన్నారు. అలాంటి ఇళ్లలో తరచుగా కింద బేస్‌మెంటులో బాయిలర్, పైన గోడల అడుగున పొడవాటి రేకు పెట్టెలు, వాటిలో పారే వేడినీళ్లు కనిపిస్తాయి. ఆ పెట్టెలనే బేస్‌బోర్డ్ అంటారు. గొట్టాలు మార్చే రోజు వస్తే చాలామంది అనే మాట ఒకటే: "పెద్దదే వేయండి, నష్టమేముంది?" నష్టం ఉంది. అందుకే ఈ వీడియో.

బల్ల మీద మూడు ముక్కలు పెట్టాను. ఇది ముప్పావు అంగుళం రాగి గొట్టం. ఇది అర అంగుళం రాగి. ఈ నారింజ రంగుది అర అంగుళం పెక్స్, అంటే ప్లాస్టిక్ గొట్టం. వీటి పక్కన మూత తీసిన బేస్‌బోర్డ్. దగ్గరగా చూడండి. మధ్యలో రాగి గొట్టం, దాని పొడవునా పలచటి అల్యూమినియం రేకులు. వేలితో కాస్త నొక్కినా వంగిపోతాయి. గదికి వేడి అందేది ఈ రేకుల వల్లే. రేకులు లేని ఉత్త గొట్టం ఇచ్చేది చాలా తక్కువ.

గొట్టం సంగతి తర్వాత. అతి చల్లని రాత్రి ఏ గది ఎంత వేడి పోగొట్టుకుంటుందో ముందు తేలాలి. ఉదాహరణకు కిటికీలు మార్చిన 600 చదరపు అడుగుల ఇల్లు తీసుకుందాం. గంటకు హాలుకు 6,000, పడకగదికి 4,500, వంటగదికి 3,000, బాత్రూముకు 1,500 బీటీయూలు (వేడిని కొలిచే ప్రమాణం) అనుకోండి. మొత్తం 15,000. నీళ్లు 180 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే మామూలు బేస్‌బోర్డ్ అడుగుకు దాదాపు 580 బీటీయూలు ఇస్తుంది. భాగిస్తే ఇల్లంతటికీ సుమారు 26 అడుగుల రేకులు. అంతే! అందం కోసం గోడ పొడవునా పెట్టె బిగించినా, లోపల సగం ఉత్త గొట్టమే ఉండవచ్చు.

అయితే ఒకే లూపులో గది తర్వాత గదికి నీళ్లు వెళ్తుంటే దారిలోనే చల్లబడతాయి. 20 డిగ్రీలు తగ్గి 160కి వచ్చేసరికి అడుగుకు వచ్చే వేడి దాదాపు పావు వంతు పడిపోతుంది. చివరి గదికి ఆ మేరకు రేకుల పొడవు పెంచాలి. ఇంకో మాట, కేటలాగు అంకెల్లో తరచుగా 15 శాతం ముందే కలిపి ఉంటుంది, అంటే అసలు వచ్చే వేడి ఆ అంకె కంటే తక్కువ. కింది చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి.

ఇప్పుడు గొట్టం. లెక్క సులువు. నిమిషానికి పారే గ్యాలన్లను 500తో, మళ్లీ తగ్గే డిగ్రీలతో గుణిస్తే గంటకు బీటీయూలు. గ్యాలన్ నీళ్లు 8.33 పౌండ్లు, గంటకు 60 నిమిషాలు, ఆ 500 అక్కడిదే. మన 15,000కు, 20 డిగ్రీల తేడాతో, నిమిషానికి ఒకటిన్నర గ్యాలన్లు చాలు.

ముప్పావు రాగి గొట్టం నిమిషానికి నాలుగు గ్యాలన్లు, అంటే గంటకు 40,000 బీటీయూలు మోయగలదు. అందులో ఒకటిన్నర గ్యాలనే పారితే నీటి వేగం సెకనుకు అడుగు కూడా ఉండదు. సుమారు రెండు నుంచి నాలుగు అడుగుల వేగం మంచిది. అంతకంటే తక్కువైతే గాలి బుడగలు కదలక లోపలే నిలిచి, గొట్టం గుడగుడలాడుతుంది. నాలుగు దాటితే నీళ్ల హోరు వినిపిస్తుంది. అర అంగుళం రాగిలో అదే నీరు 1.9 అడుగుల వేగంతో, పెక్స్‌లో లోపలి రంధ్రం ఇంకా సన్నం కాబట్టి సుమారు 2.6 అడుగుల వేగంతో పారుతుంది.

నా తీర్పు ఇది. వేడి నష్టం 15,000 లోపు ఉన్న ఒక్క అపార్ట్‌మెంటుకు బాయిలర్ నుంచి నీళ్లు వెళ్లే గొట్టం, తిరిగి వచ్చే గొట్టం అర అంగుళంలో నిశ్చింతగా వేయించండి. పెక్స్ అయితే ఆక్సిజన్ లోపలికి చొరబడని పొర ఉన్నదే కొనాలి. లేకపోతే ఆక్సిజన్ నీళ్లలో కలిసి ఇనుప బాయిలర్‌ను తుప్పు పట్టిస్తుంది. ఇది రాజీపడే విషయం కాదు. బేస్‌బోర్డ్ లోపలి గొట్టం సాధారణంగా ముప్పావే ఉంటుంది, అక్కడ నీళ్లు నెమ్మదిస్తాయి కాబట్టి చివర గాలి వదిలే చిన్న వాల్వు పెట్టించండి. వేడి నష్టం 15,000 దాటితే, లేదా లూపు బాగా పొడవైతే, ముప్పావుకు వెళ్లండి. ఒక అపార్ట్‌మెంటుకు అంగుళం గొట్టం శుద్ధ దండగ.

పని మొదలయ్యాక నేల రంధ్రాలు మీరే చూడండి. 20 అడుగుల రాగి గొట్టం 70 నుంచి 180 డిగ్రీలకు వేడెక్కితే పావు అంగుళం సాగుతుంది. ముప్పావు గొట్టం బయటి కొలత ఏడు ఎనిమిదో వంతుల అంగుళం. రంధ్రం సరిగ్గా అంతే ఉంటే అది చెక్కకు రాసుకుని, బాయిలర్ వెలిగిన ప్రతిసారీ టక్ టక్ మంటుంది, పైవాళ్లకు నిద్ర ఉండదు. గొట్టం చుట్టూ కదిలే చోటు వదిలి, ప్లాస్టిక్ తొడుగు వేయమనండి. ఫ్లోరింగు పరిచే లోపే ఆ రంధ్రాలకు ఫోటోలు తీసి పెట్టుకోండి.