కొలత లేని చట్టం: నికొలాయ్ క్రిలెంకో కథ

[తెర మీద: మంచు కురుస్తున్న రైల్వే స్టేషన్, పాత ఫొటో]

రష్యన్ సైన్యంలో ప్రాపోర్షిక్ అంటే ఆఫీసర్ల మెట్లలో అట్టడుగు మెట్టు. 1917 నవంబర్‌లో అలాంటి ఒక ప్రాపోర్షిక్ రాత్రికి రాత్రి మొత్తం సైన్యానికి సర్వసేనాని అయిపోయాడు. కాల్పుల విరమణకు చర్చలు మొదలుపెట్టమని లెనిన్ ఆదేశిస్తే అప్పటి సర్వసేనాని జనరల్ దుఖోనిన్ ఒప్పుకోలేదు. ఆయన్ని తీసేసి ఆ కుర్చీ క్రిలెంకోకి ఇచ్చారు. క్రిలెంకో సైన్య ప్రధాన కేంద్రం ఉన్న మొగిల్యోవ్ చేరాక, స్టేషన్లో నావికుల గుంపు దుఖోనిన్‌ని బాయినెట్లతో పొడిచి చంపింది. క్రిలెంకో అడ్డుపడ్డాడు గానీ ఆపలేకపోయాడు.

అయితే ఈ వీడియో యుద్ధం గురించి కాదు, ఆయన తరవాత పట్టిన వృత్తి గురించి.

క్రిలెంకో పుట్టింది 1885లో, స్మొలెన్స్క్ ప్రాంతంలో. 1905 విప్లవంలో పీటర్స్‌బర్గ్ విద్యార్థి నాయకుడు. మధ్యలో ఖార్కొవ్‌లో న్యాయశాస్త్రం కూడా చదివాడు. ఆ చదువు 1918 నుంచి పనికొచ్చింది: విప్లవ ట్రిబ్యునల్లో, అంటే కొత్త ప్రభుత్వం పెట్టిన ప్రత్యేక కోర్టులో, ప్రాసిక్యూటర్.

[తెర మీద: యుద్ధనౌకలు, గడ్డకట్టిన సముద్రం]

బాల్టిక్ నౌకాదళ అధికారి షాస్త్నీ. జర్మన్లకు చిక్కకుండా నౌకల్ని గడ్డకట్టిన సముద్రం మీదుగా హెల్సింకీ నుంచి క్రోన్‌స్టాట్‌కు తెచ్చినవాడు. 1918 జూన్‌లో ఆయన మీదే విచారణ. సాక్షి ఒక్కడే, యుద్ధ మంత్రి ట్రాట్‌స్కీ. శిక్ష: కాల్చి చంపడం. మరణశిక్ష రద్దు చేశాం అన్నారు కదా అని అడిగితే, "ఆయనకి మరణశిక్ష వేయలేదు, కాల్చమన్నాం అంతే" అని క్రిలెంకో జవాబిచ్చాడని చెప్పుకుంటారు. మాట అచ్చంగా ఇదేనో కాదో గానీ, ఆ కాలం కోర్టుల తీరు మాత్రం ఇందులో కళ్లకు కట్టినట్టుంది.

ఈ తీరు ఎక్కణ్ణుంచి వచ్చింది? 1917 చివర్లో పాత కోర్టుల్ని రద్దు చేశారు. కొత్త జడ్జీలకు దారి చూపాల్సింది "విప్లవ అంతరాత్మ" అన్నారు. 1922లో శిక్షాస్మృతి వచ్చింది, కానీ అందులో ఒక కిటికీ తెరిచే ఉంచారు: ఏ సెక్షన్‌లోనూ లేని పనికి కూడా, దానికి దగ్గరగా ఉన్న సెక్షన్ కింద శిక్ష వేయొచ్చు. పోలిక దొరికితే చాలు. మీరు చేసింది నేరమని చేసేటప్పుడు మీకే తెలియకపోవచ్చన్నమాట.

క్రిలెంకోకి ఇదీ చాల్లేదు. 1930 ప్రాంతంలో ఆయన తయారుచేసిన ముసాయిదాలో ఈ నేరానికి ఇన్నేళ్లు అనే లెక్కే తీసేయాలన్నాడు. నేరానికి ఇంత అని శిక్ష తూచి ఇవ్వడం బజారు బేరం లాంటిదని, సోషలిజంలో దానికి చోటు లేదని అప్పటి మార్క్సిస్టు న్యాయవేత్తల వాదన. సిద్ధాంతంగా వింటే నిజంగానే ఆలోచింపజేస్తుంది, నన్నూ ఒక క్షణం ఆపింది. కానీ తక్కెడ తీసేస్తే మిగిలేది తూచేవాడి చెయ్యి. ఆ ముసాయిదా చట్టం కాలేదు.

[తెర మీద: స్తంభాల హాలు, మాస్కో]

1928లో షాఖ్తీ కేసు. దొన్బాస్ బొగ్గు గనుల్లో విద్రోహం అంటూ 53 మంది ముద్దాయిలు. 1930లో ఇండస్ట్రియల్ పార్టీ కేసు, ఇంజనీర్లు రహస్య పార్టీ పెట్టి విద్రోహం చేశారన్న ఆరోపణ; ముద్దాయిల్లో ముఖ్యుడు ఇంజనీర్ రామ్‌జిన్. రెండిట్లోనూ ప్రాసిక్యూటర్ క్రిలెంకో, జడ్జి పీఠం మీద విషిన్స్కీ. 1931లో క్రిలెంకో రష్యా న్యాయ కమిసార్ (అంటే మంత్రి) అయ్యాడు, 1936లో సోవియట్ యూనియన్ మొత్తానికి.

ఒక పక్కదారి: సోవియట్ చదరంగానికి పెద్దదిక్కు కూడా ఈయనే. 1925 మాస్కో అంతర్జాతీయ టోర్నీ వెనక ఉన్నది ఈయనే. పామీర్ కొండలెక్కే పిచ్చి కూడా ఉండేది. చివరికి ఈ సరదాలే నేరాల్లా తిరిగొచ్చాయి. 1938 జనవరిలో సుప్రీం సోవియట్ (పార్లమెంటు) సభలో అజర్‌బైజాన్ పార్టీ నేత బగిరోవ్ లేచి, ఈ న్యాయ కమిసార్‌కు కొండలూ చదరంగమే తప్ప శాఖ పట్టదని దెప్పిపొడిచాడు. పదవి పోయింది. ఆ నెల తిరగకుండానే అరెస్టు.

1934 డిసెంబర్ 1న లెనిన్‌గ్రాడ్ పార్టీ నేత కిరోవ్ హత్య జరిగిన రోజే ఒక కొత్త పద్ధతి పెట్టారు. టెర్రరిజం కేసుల్లో 10 రోజుల్లో దర్యాప్తు పూర్తి కావాలి, లాయర్ ఉండడు, అప్పీలు లేదు, శిక్ష వెంటనే అమలు. ఆ పద్ధతిలోనే 1938 జూలై 29న సుప్రీం కోర్టు మిలిటరీ కొలీజియం ముందు క్రిలెంకో విచారణ సుమారు 20 నిమిషాల్లో ముగిసింది. అదే రోజు కాల్చేశారు.

"తాను తీసిన గోతిలో తానే పడ్డాడు" అని కామెంట్ పెట్టబోతున్నారా? ఆగండి. ఆ గొయ్యి ఒక్కడు తవ్వింది కాదు. పక్కన పార పట్టిన విషిన్స్కీ 1954 దాకా బతికి, విదేశాంగ మంత్రి కూడా అయ్యాడు.

ఇక రామ్‌జిన్. క్రిలెంకో మరణశిక్ష అడిగితే కోర్టు వేసింది, తరవాత దాన్ని జైలుశిక్షగా మార్చారు. 1943లో ఆయన రూపొందించిన ఆవిరి బాయిలర్‌కి స్టాలిన్ బహుమతి ఇచ్చారు. అప్పటికి ప్రాసిక్యూటర్ చచ్చి 5 ఏళ్లు.