విదేశీ సాయం మనకిచ్చిన అసలు ఆస్తి ఒక నోటుబుక్కు, దాన్నే పారేసుకున్నాం!

నమస్తే అన్నలూ, అక్కలూ! అమెరికా సాయం సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడటం మీద మొన్న పెట్టిన వీడియో కింద రెండు రోజులు యుద్ధమే నడిచింది. సగం మంది "పీడ పోయింది, విదేశీ డబ్బంతా పెత్తనానికే" అన్నారు. మిగతావాళ్లు "ఇక పల్లెల్ని పట్టించుకునేదెవరు" అన్నారు. నేను ఏ జట్టులోనూ లేను. ఇవాళ ఒక్కటే మాట చెప్తా, చివరిదాకా అదే మాట మీద ఉంటా. మన వరంగల్ పత్తి రైతుకు పనికొచ్చే విదేశీ సాయం ఏదైనా ఉందంటే అది ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు. దాన్ని మనమే చేజేతులా పోగొట్టుకున్నాం.

రైతులే చేలో దిగి పురుగులు లెక్కపెట్టి, నోటుబుక్కులో రాసుకుని నేర్చుకునే పొలంబడి గుర్తుందా? అది పుట్టింది ఇండోనేషియాలో. అక్కడ వరి మీద సుడిదోమ విరుచుకుపడింది. మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది, ఎందుకంటే దోమను తినే సాలీళ్లే ముందు చచ్చాయి. 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందులు నిషేధించింది. మరి రైతు ఏం చెయ్యాలి? 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అదే ఎఫ్ఏఓ, వాళ్లతో కలిసి పొలం గట్టు మీదే బడి పెట్టింది. 1999 నుంచి 2004 దాకా యూరోపియన్ యూనియన్ డబ్బుతో ఆ బడి ఆరు ఆసియా దేశాల పత్తి చేలల్లోకి వచ్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ వచ్చింది.

1999 అంటున్నా, గమనించండి. సరిగ్గా దానికి ముందు, 1997-98లో మన పత్తికి ఏమైందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. లద్దె పురుగు ఆకు మిగల్చలేదు, ఎన్నిసార్లు కొట్టినా చావలేదు. అప్పు మీద అప్పు. పత్తి రైతుల ఆత్మహత్యలంటే దేశమంతా వరంగల్ పేరే చెప్పుకుంది.

ఆ రోజుల్లో మా నాన్న భుజాన పంపు వేసుకుంటే, మందు కలిపి పంపు నింపేది మా అమ్మ. బకెట్లో పోసి చేత్తో కలిపేది. సాయంత్రానికి కళ్లమంటలు, తల తిప్పుడు, వాంతులు. ఎండదెబ్బ అనుకునేవాళ్లం! మందుల షాపాయన మాత్రం ఖాతాలో రాసుకుని ఇంకో డబ్బా చేతిలో పెట్టేవాడు. ఏ పురుగు, ఎన్ని ఉన్నాయి, అసలు కొట్టాల్సిన అవసరం ఉందా అని ఒక్కనాడు అడగలేదు.

ఇప్పుడు అసలు విషయం వినండి. ఆ పత్తి పొలంబడుల పనిలో భాగంగానే, మన దేశంలో మూడు ఊళ్లలో 50 మంది ఆడవాళ్లు ఐదు నెలలపాటు లెక్క పెట్టారు. మందు కొట్టిన ప్రతిసారీ తమకేమైంది, ఇంట్లో మగవాళ్లకేమైంది అని నమోదు చేశారు. మొత్తం 323 సార్లు. అందులో 83.6 శాతం సార్లు ఏదో ఒక విష లక్షణం కనిపించింది. పంపు పట్టుకున్న మనిషికి ఎంత ప్రమాదమో, మందు కలిపి నింపే ఆడమనిషికీ అంతే ప్రమాదమని తేలింది. ఒంట్లో పరిస్థితి చాలా తీవ్రంగా ఉన్నప్పుడు కూడా ఒక్కరంటే ఒక్కరు ఆస్పత్రిలో చేరలేదు. ఈ లెక్క తీసింది పెద్ద ల్యాబ్ కాదు అన్నా, మా అమ్మలాంటి వాళ్లు! ఆ కాగితం మా ఇంటికి అప్పుడే వచ్చి ఉంటే అమ్మ చెయ్యి ఆ బకెట్లో పడేదా?

పొలంబడిలో చెప్పేది కూడా ఇదే, లెక్క. సీజన్ పొడుగునా వారానికోసారి పాతిక మంది రైతులు పొద్దున్నే చేలో దిగుతారు. చిన్న గుంపులుగా విడిపోయి ఒక్కో మొక్క దగ్గర కూర్చుని ఆకు తిప్పి చూస్తారు. శనగపచ్చ పురుగు ఎన్ని, తెల్లదోమ ఎంత, దాన్ని తినే అక్షింతల పురుగులెన్ని, సాలీళ్లెన్ని. చెట్టు కిందికొచ్చి పెద్ద చార్టు మీద బొమ్మ గీసి, ఈ వారం మందు కొట్టాలా వద్దా అని వాదించుకుంటారు. నేర్పే మనిషి జవాబు చెప్పడు. "ఈ పురుగు ఏం తింటుంది" అని అడిగితే, "సీసాలో వేసి రేపు మీరే చూడండి" అంటాడు. సీసాలో పురుగు పురుగును తినడం కళ్లారా చూసిన రైతు షాపాయన మాటకు లొంగుతాడా?

మరి ఆ బడి ఏమైంది? ఇది నా థియరీ, ఒప్పుకోకపోతే కామెంట్లలో కొట్లాడండి. బడిని చంపింది బీటీ గింజ, అంటే కాయతొలిచే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు మార్చిన పత్తి గింజ. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. "ఇక గింజలోనే మందుంది, పురుగులు లెక్కపెట్టే పనేంటి" అనుకున్నాం. అధికారులూ అదే అనుకున్నారు. వరంగల్లోనే తొలి పంటల మీద నష్టపరిహారం గొడవలు లేచాయి. 2005లో మూడు బీటీ రకాలకు మన రాష్ట్రంలో అనుమతి పొడిగించలేదు. అయినా ఆ ధీమా పోలేదు. ఇవాళ గులాబీ రంగు పురుగు ఆ బీటీకి అలవాటు పడి కాయ లోపల కూర్చుంది. కాయ చీల్చి చూసే అలవాటు మనకే పోయింది!

మొన్నటి వీడియో కింద "విదేశీ వాళ్లు మనకు నేర్పేదేంటి" అన్న తమ్ముడికి ఒక మాట. నీ రోషం నాకు నచ్చింది. మన వరంగల్ కూడా ప్రపంచానికి ఇచ్చింది. వరిలో ఉల్లికోడు అనే పురుగును తట్టుకునే డబ్ల్యూ 1263 మన వరంగల్ రకం. అందులోని జన్యువుకే శాస్త్రవేత్తలు జీఎం 1 అని పేరు పెట్టారు (ఇక్కడ జీఎం అంటే గాల్ మిడ్జ్, ఉల్లికోడుకు ఇంగ్లీషు పేరు), ఉల్లికోడు తట్టుకునే జన్యువుల్లో అది ఒకటో నంబరు. ఇక మన ఫల్గుణ రకంలోని ఆ శక్తి థాయ్‌లాండ్ వరి సియామ్ 29 నుంచి వచ్చింది. ఇచ్చాం, తీసుకున్నాం. అందులో సిగ్గుపడాల్సింది లేదు తమ్మీ.

నెదర్లాండ్స్ డబ్బుతో ఎఫ్ఏఓ నడిపిన భూగర్భజలాల ప్రాజెక్టు చూడండి. ఏడు జిల్లాల్లో 600కు పైగా ఊళ్లు. బోరులో నీళ్లెంత లోతున ఉన్నాయో, వానెంత పడిందో రైతులే కొలిచి, ఉన్న నీళ్లను బట్టి ఏ పంట వెయ్యాలో ఊరంతా కూర్చుని లెక్కేసుకున్నారు. మళ్లీ అదే నోటుబుక్కు! తెలంగాణలో మహబూబ్‌నగర్‌కు, నల్గొండకు వచ్చింది, మనకు రాలేదు. బోరు మీద బోరు వేసి మునిగిన జిల్లాకు రాకపోవడం నాకు ఇప్పటికీ మంటే.

ఇక్కడ కుదరదు అంటారా? జనగామ దగ్గర లింగాల ఘనపూర్ మండలం ఏనబావి పోయి చూడండి. ఆముదం మీద ఎర్ర గొంగళి పురుగు వస్తే, తొలి వానలకు ఊరంతా కలిసి మంటలు వేసి రెక్కల పురుగుల్ని పట్టారు. అక్కడ మొదలై 2006 నాటికి రసాయనాలు లేని ఊరిగా ప్రకటించుకున్నారు. ఊరంతా కలిసి పురుగును చూడటం నేర్చుకుంటే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది.

రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. ఐదు వేల ఎకరాలకు ఒకటి, ఒక్కోదానికి ఏఈవో, అంటే వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నారు. వీడియో కాన్ఫరెన్సులు పెడుతున్నారు, మంచిదే. కానీ తెర మీద పురుగు బొమ్మ చూస్తే మన చేలో పురుగు లెక్క తేలుతుందా? పత్తి సీజన్లో వారానికి ఒక్క పొద్దున వేదికకు తాళం వేసి, పక్క చేలో దిగండి సార్. చార్టు, స్కెచ్ పెన్నులు, పాతిక నోటుబుక్కులు, అంతే ఖర్చు. దీనికి అమెరికా అక్కర్లేదు, యూరప్ అక్కర్లేదు.

మీ ఊళ్లో ఎప్పుడైనా పొలంబడి నడిచిందా? ఆ చార్టులు, ఆ పుస్తకాలు ఏ అటక మీదైనా ఉంటే దుమ్ము దులిపి ఫొటో పంపండి. వచ్చే వీడియోలో వాటిని మా అమ్మ ముందు పెట్టి, ఆమెతోనే మాట్లాడిస్తా.